గేదెకు సూది ఎప్పుడు, ఏది, ఎన్నిసార్లు: ఖాళీ రోజు ధర కట్టి తీసుకునే నిర్ణయాలు

పోయినేడాది సంక్రాంతికి ముందు, పక్కింటి దూడకు మందు పట్టడానికి వచ్చిన డాక్టరు గారిని, ఎలాగూ ఇక్కడిదాకా వచ్చారు కదా అని మా కొట్టంలోకి పిలిచి, ఐదు నెలల చూడి అనుకుంటున్న గేదెను ఒకసారి చూడమన్నాను. ఆయన చెయ్యి పెట్టి చూసి "ఏమీ లేదండీ, ఖాళీ" అన్నారు. సూది (చూడి కట్టడానికి ఆబోతు వీర్యం ఎక్కించడం) వేయించాక మళ్లీ ఎదకు రాలేదు కాబట్టి నిలిచిందని నాకు నేనే తీర్మానించేసుకున్నాను. అది ఎదకు వచ్చే ఉంటుంది, మేం చూడలేదు, అంతే. అప్పటికే పాలు కూడా మానేసింది.

ఆ రాత్రి కూర్చుని లెక్క వేస్తే తెలిసింది, సూది వేయించిన 60వ రోజుకే పరీక్ష చేయించి ఉంటే దాదాపు 90 రోజులు మిగిలేవని, ఆ 90 రోజుల ధర 12 వేలు దాటిందని. డబ్బు జేబులోంచి పోయినట్టు కనపడదు కాబట్టి మనకు నొప్పి తెలీదు. దాణా బస్తా మీద 50 రూపాయలు పెరిగితే ఊరంతా గోల చేస్తాం, గేదె రెండు నెలలు ఖాళీగా నిలబడితే మాత్రం "దాని టైం అది" అంటాం.

కింద రాసింది మా తొమ్మిది ముర్రా గ్రేడు (ముర్రా జాతి కలిసిన) గేదెల మీద నేను వాడుతున్న పద్ధతి. ధరలు లెక్క అర్థం కావడానికి వేసుకున్నవి, మీ ఊరి ధరలు పెట్టుకుని మళ్లీ కట్టుకోండి. పద్ధతి మారదు.

1. ముందు నోటు పుస్తకం

ఒక్కో పశువుకు ఒక్కో పేజీ. ఈనిన తేదీ, ఎద కనిపించిన ప్రతి తేదీ (సూది వేయించకపోయినా సరే), సూది వేయించిన తేదీ, పూట, స్ట్రా (వీర్యం నింపిన సన్న గొట్టం) మీద ఉన్న ఆబోతు నంబరు, చూడి పరీక్ష తేదీ, పాలు ఆపిన తేదీ. చెవికి వేసిన 12 అంకెల ట్యాగు నంబరు పేజీ పైన రాసుకోండి, భీమాకి కూడా అదే అడుగుతారు. ఫోన్లో రాసుకుంటాం అనేవాళ్లు రాసుకోవచ్చు, కానీ పాలు పిండేది ఒకరు, ఫోను ఉండేది ఇంకొకరి జేబులో అయితే సగం తేదీలు ఎగిరిపోతాయి. మా పుస్తకం కొట్టంలో మేకుకు పెన్నుతో సహా వేలాడుతుంది.

2. మీ ఖాళీ రోజు ధర కట్టండి

ఖాళీ రోజు అంటే చూడి కట్టాల్సిన టైం దాటాక చూడి లేకుండా గడిచిన రోజు. ఇక్కడ కాస్త ఓపిక పట్టాలి, మిగతా నిర్ణయాలన్నీ దీని మీదే నిలబడతాయి.

గేదె చూడి కాలం సుమారు 310 రోజులు, ఆవుకైతే 280. గేదె ఈనిన 115 రోజులకు చూడి కడితే ఈతకూ ఈతకూ మధ్య 425 రోజులు, అంటే 14 నెలలు. మన వైపు ఇది మంచి లెక్కే. ఈ 425 రోజుల్లో 305 రోజులు పాలు, 120 రోజులు వట్టి అనుకుందాం. పాలు 2000 లీటర్లు, లీటరు 60 చొప్పున 1,20,000. దూడ విలువ 8,000 కలిపితే రాబడి 1,28,000.

ఖర్చు: పాలిచ్చే రోజు మేత, దాణా 210 చొప్పున 305 రోజులకు 64,050. వట్టి రోజు 110 చొప్పున 120 రోజులకు 13,200. మందులు, భీమా, సూదులు వగైరా 6,000. మొత్తం 83,250. మిగిలింది 44,750. దాన్ని 425తో భాగిస్తే రోజుకు 105 రూపాయలు. (మన రెక్కల కష్టం ఇందులో వేయలేదు. జీతగాడు ఉంటే అదీ తీసేయండి, అప్పుడు ఎంత మిగులుతుందో చూసి నన్ను తిట్టుకోకండి.)

ఇప్పుడు అదే గేదె 115వ రోజు కాకుండా 205వ రోజుకు చూడి కట్టిందనుకోండి. 90 రోజులు ఎక్కువ. ఆ చివరి రోజుల్లో ఇచ్చే పాలు కొద్దిగానే ఉంటాయి, మొత్తం మీద 150 లీటర్లు, 9,000 రూపాయలు. మేతకు పోయేది 50 రోజులు 150 చొప్పున, 40 రోజులు 110 చొప్పున, 11,900. అంటే ఎదురు 2,900 నష్టం, రోజుకు 32. దీనికి తోడు ఆ స్థలంలో సక్రమంగా ఈనే గేదె రోజుకు 105 మిగిల్చేది కదా, అదీ పోయినట్టే. 105, 32 కలిపితే 137.

నా ఖాళీ రోజు ధర 137 రూపాయలు. ఎద 21 రోజులకోసారి వస్తుంది కాబట్టి ఒక్క ఎద తప్పితే 2,877, గుండుగా 2,900. మీకు 90 రావచ్చు, 200 రావచ్చు. వచ్చిన అంకెను పుస్తకం అట్ట మీద పెద్దగా రాసుకోండి. మినరల్ మిక్స్చర్ రోజుకు 50 గ్రాములు వేయాలంటే ఐదారు రూపాయల ఖర్చని ఆగిపోయేవాళ్లు ఈ అంకె పక్కన పెట్టుకుని చూస్తే ఆగరు.

3. ఎద పట్టుకోవడం

ఆవు ఎదకు వస్తే అరుస్తుంది, పక్కదాని మీద ఎక్కుతుంది, ఊరందరికీ తెలుస్తుంది. గేదెది మూగ ఎద. అందులోనూ ఎండాకాలం అసలు బయటపడదు. లక్షణాలు ఎక్కువగా రాత్రిపూట, తెల్లవారుజామున కనిపిస్తాయి, సరిగ్గా మనం నిద్రపోయే టైంలో. అందుకే రాత్రి పడుకునే ముందు ఒకసారి, పొద్దున పాలకు ముందు ఒకసారి, పని ఏమీ పెట్టుకోకుండా పది నిమిషాలు కొట్టంలో ఊరికే నిలబడాలి. మాటిమాటికీ కొద్దికొద్దిగా మూత్రం పోయడం, మానం ఉబ్బి లోపల ఎర్రబడటం, తీగలు (జిగట ద్రవం) వేయడం, ఉన్నట్టుండి పాలు తగ్గడం, చేపకపోవడం (పొదుగులోకి పాలు దింపకపోవడం). మా ఇంట్లో ఎద పట్టేది మా ఆవిడే. "ఇవాళ ఇది పాలు ఎగబట్టింది, చూడండి" అంటుంది, సాయంత్రానికి తీగ కనపడుతుంది. పొదుగు దగ్గర కూర్చునే మనిషికి తెలిసినంత డబ్బు లెక్క వేసే మనిషికి తెలీదు.

పొద్దున ఎద కనిపిస్తే సాయంత్రం, సాయంత్రం కనిపిస్తే మర్నాడు పొద్దున సూది. ఈ నియమం పాతదే, ఇప్పటికీ పనికొస్తుంది. కనిపించిన గంటలోనే వేయించేస్తే తొందరపడ్డట్టు, మర్నాడు సాయంత్రం దాకా లాగితే ఆలస్యం చేసినట్టు.

సూది వేసే గోపాలమిత్ర వచ్చినప్పుడు మొహమాటం లేకుండా ఒకటి గమనించండి. ద్రవ నైట్రోజన్‌లో మైనస్ 196 డిగ్రీల దగ్గర ఉన్న స్ట్రాను తీశాక 37 డిగ్రీల గోరువెచ్చని నీళ్లలో అర నిమిషం పాటు ఉంచాలి. చేతిలో రుద్ది, జేబులో పెట్టి కరిగిస్తే స్ట్రా పోయినట్టే. గోరువెచ్చని నీళ్లు, థర్మామీటరు మనమే సిద్ధంగా పెడితే ఎవరూ కాదనరు. థర్మామీటరు ఖరీదెంత, 2,900 ఎంత?

4. మొదటి సూది ఏ రోజున

ఈనాక గర్భసంచి సర్దుకోవడానికి నెలన్నర పడుతుంది. మాయ పడక ఇబ్బంది పడినా, చీము తీగలు వేసినా ఇంకాస్త ఆగాలి. ఆరోగ్యంగా ఉన్నదానికి 60 రోజులు దాటాక వచ్చే మొదటి ఎదను వదలొద్దు. పాలు బాగా ఇస్తోంది కదా, చూడి కడితే తగ్గుతాయేమో అని రెండు మూడు ఎదలు వదిలేసేవాళ్లు ఉన్నారు. చూడి కట్టాక పాల మీద దెబ్బ కనపడేది ఐదో నెల దాటాకే, ఈలోపు వదిలిన ఎద ఒక్కోటి 2,900.

గేదెల విషయంలో కాలం కూడా చూడాలి. ఇవి పగటి పొద్దు తగ్గే రోజుల్లో బాగా ఎదకొచ్చి చూడి కడతాయి, మన దగ్గర అక్టోబరు నుంచి ఫిబ్రవరి దాకా. డిసెంబరులో ఈనిన గేదెకు ఫిబ్రవరి, మార్చిలో ఒకటి రెండు అవకాశాలే ఉంటాయి, అవి తప్పితే ఎండలు మొదలై మళ్లీ సెప్టెంబరు దాకా ఎద దొరక్కపోవచ్చు. అప్పుడు ఒక్క ఎద తప్పినందుకు 21 రోజులు కాదు, ఆరు నెలలు పోతాయి. అందుకని నవంబరు నుంచి జనవరి మధ్య ఈనిన వాటి పేజీలకు నేను ఎర్ర పెన్నుతో గీత పెడతాను. ఆగస్టులో ఈనినదానికి అంత కంగారు అక్కర్లేదు, దాని ముందు చలికాలం మొత్తం ఉంది. వేసవిలో పాలకు రేటు ఎక్కువ వస్తుంది కాబట్టి మార్చి, ఏప్రిల్‌లో ఈనేలా చేద్దాం అనుకునేవాళ్లు మే, జూన్‌లో చూడి కట్టించాలి. నీళ్ల చెరువు, నీడ, పచ్చిమేత మూడూ ఉంటే ప్రయత్నించండి, లేకపోతే కాగితం మీదే బాగుంటుంది.

5. ఏ వీర్యం, ఏ గేదెకు

ఆంధ్రలో నంద్యాల, విశాఖపట్నం, తెలంగాణలో కరీంనగర్ కేంద్రాల నుంచి స్ట్రాలు వస్తాయి, బయటి సంస్థలవీ దొరుకుతాయి. ఏదైనా సరే ఆబోతు నంబరు అడగండి, దాని తల్లి పాలెన్ని, దాని కూతుళ్ల పాలు కొలిచి చూశారా అని అడగండి. వెన్న శాతం మీద డబ్బులిచ్చే చోట వెన్న గురించి కూడా అడగాలి. ఒకే నంబరు తల్లికీ, ఆ నంబరుతో పుట్టిన పడ్డకీ (ఇంకా ఈనని ఆడ గేదె) పడకుండా చూసుకోవాలి. ఊరి దున్నతో దాటించేవాళ్లకు వచ్చే చిక్కు ఇదే, నాలుగేళ్లకు తండ్రీ కూతుళ్ల సంతానం కొట్టంలో ఉంటుంది, ఎవరికీ తెలీదు. పైగా బ్రుసెల్లా లాంటి రోగం ఒక గేదె నుంచి ఇంకోదానికి దున్న మోసుకొస్తుంది.

సంకర జాతి ఆవులున్నవాళ్లకు ఒక్క మాట: హెచ్‌ఎఫ్ (హోల్‌స్టీన్ ఫ్రీజియన్ అనే విదేశీ జాతి) రక్తం పెంచుకుంటూ పోతే పాలు పెరుగుతాయనుకుని ప్రతిసారీ హెచ్‌ఎఫ్ స్ట్రానే వేయిస్తే, మన ఎండలకు ఆయాసపడుతూ చూడి కట్టని ఆవు తయారవుతుంది. సగం దగ్గర ఆగడం మేలు, చిన్న రైతుకైతే జెర్సీ సంకరం ఇంకా నయం.

ఇక అందరూ అడిగేది ఆడదూడల వీర్యం, లింగ నిర్ధారిత స్ట్రాలు. 10 ఈతల్లో 9 ఆడవే పుడతాయి, అది నిజం. కానీ ఆ స్ట్రాలో వీర్యకణాలు తక్కువ, చూడి కట్టే అవకాశం కూడా తగ్గుతుంది. లెక్క వేద్దాం. మామూలు స్ట్రాకు 100లో 40, దీనికి 30 కడతాయనుకోండి. ఒక చూడికి మామూలువి సగటున రెండున్నర సూదులు, ఇవి 3.33. తేడా 0.83 ఎద, అంటే దాదాపు 2,400 రూపాయల ఖాళీ రోజులు. సూది ఖర్చు మనిషి రానుపోనుతో కలిపి మామూలుది 300, ఇది 600 అనుకుంటే 750కి బదులు 2,000 అవుతుంది, తేడా 1,250. మొత్తం 3,650 అదనం. దీనికి మనకు దక్కేది ఏంటి? ఆడదూడ అవకాశం 50 నుంచి 90కి పెరగడం, అంటే 0.4 ఆడదూడ. 3,650ని 0.4తో భాగిస్తే 9,125.

కాబట్టి ప్రశ్న ఇలా అడగాలి: ఈ గేదెకు పుట్టే ఆడదూడ మగదూడ కన్నా 9 వేల పైచిలుకు ఎక్కువ విలువ చేస్తుందా? 2500 లీటర్లిచ్చే నా పెద్ద గేదెకు కళ్లు మూసుకుని చేస్తుంది. 1400 లీటర్లిచ్చి తన్నే గేదె కూతురు నాకెందుకు? దానికి మామూలు స్ట్రా చాలు. రాయితీ మీద తక్కువకు దొరికితే ఈ అంకె దిగుతుంది. ఖరీదు తగ్గించడానికే 2024లో దేశంలో తయారైన గౌసార్ట్ పద్ధతిని తెచ్చారు, మీ దగ్గర ఎంతకు ఇస్తున్నారో పశువుల ఆసుపత్రిలో అడగండి. నా పద్ధతి ఏంటంటే, మేలైన గేదెలకు, ఎదిగిన పడ్డలకు, చలికాలంలో, మొదటి రెండు సూదులు మాత్రమే ఇవి. రెండూ తప్పితే మూడోది మామూలుది. ఎండాకాలంలో దీని జోలికే పోను.

6. చూడి పరీక్ష

సూది వేయించిన 18 నుంచి 24 రోజుల మధ్య రాత్రీ పగలూ కాపలా. ఎద కనపడలేదా, సంతోషించొద్దు. 60వ రోజున డాక్టరు చేత చూపించాలి. స్కానింగ్ ఉంటే నెలకే తెలుస్తుంది. ఇంత చిన్న పనికి నేను ఎంత మూల్యం చెల్లించానో పైన రాశాను.

7. ఎప్పుడు వదులుకోవాలి

తిరగపొర్లే (సూది నిలవక మళ్లీ మళ్లీ ఎదకొచ్చే) గేదె దగ్గర అందరం పప్పులో కాలేస్తాం. మూడు సూదులు తప్పాయి, ఈని 240 రోజులైంది, పాలు 4 లీటర్లకు దిగాయి. ఉంచాలా, అమ్మాలా?

ఉంచితే: ఇలాంటిది సూదికి 100లో 25 కడుతుందనుకుంటే సగటున 4 ఎదలు, 84 రోజులు. తర్వాత 310 రోజుల చూడి. ఈనడానికి 394 రోజులు. మొదటి రెండు నెలలు దాని పాలు దాని మేతకు సరిపోతాయి, మిగతా దాదాపు 330 రోజులకు రోజుకు 110 చొప్పున 36,300, సూదులకు 1,200. చేతి నుంచి పోయేది 37,500.

అమ్మి కొత్తది కొంటే: పాలిస్తున్న ఖాళీ గేదె 62,000 పలికిందనుకోండి. కొత్తగా ఈనిన మంచి గేదె 1,10,000, బండి కిరాయి 4,000. చేతి నుంచి 52,000. కానీ కొత్తది అదే 394 రోజుల్లో 1,20,000 పాలు పోస్తుంది, పాల రోజుల మేత 64,050, వట్టి 89 రోజులకు 9,790, ఇతరాలు 6,000 తీసేస్తే 40,160 మిగులుతుంది. అంటే నికరంగా పోయేది 11,840. అదీ టైంకు చూడి కట్టి ఉంటే ఇంకో నెలలో ఈనుతుంది.

37,500 ఎక్కడ, 11,840 ఎక్కడ! అమ్మడమే మంచిదని తేలింది. ఇప్పుడు ఒక్కటి మార్చండి. "ఇంకొక్క సూది చూద్దాం" అంటూ మూడు నెలలు లాగారు, పాలు మానేసింది, వట్టి ఖాళీ గేదెకు బేరగాడు 40,000 అన్నాడు. అదే లెక్కలో అమ్మి కొనడం ఖరీదు 33,840 అవుతుంది. ఉంచితే పోయేదానికి దీనికి పెద్ద తేడా లేదు, పైగా సంతలో కొన్నది చెప్పినన్ని పాలిస్తుందో, నాలుగు చన్నులూ వస్తాయో, ఏ రోగం తెస్తుందో దేవుడికే తెలియాలి. అప్పుడిక ఉంచుకోవడమే.

కాబట్టి నిర్ణయం ఇంకా పాలు పోస్తుండగానే, 200 నుంచి 240 రోజుల మధ్యే తీసుకోవాలి. దానికి ముందు ఒక్కసారి డాక్టరుకు సరిగ్గా చూపించి, గర్భసంచిలో చీముందా, అండాశయం పనిచేస్తోందా, వట్టి మేత లోపమా తేల్చుకోండి. లోపం మేతదైతే అమ్మినా లాభం లేదు, కొన్నదీ అలాగే తయారవుతుంది. అమ్మేటప్పుడు చూడి అని అబద్ధం చెప్పి అంటగట్టకండి. రేపు మనం కొనేదీ ఆ సంతలోనే.

సంక్రాంతి నాటి నా గేదె రెండో రకం. వట్టిపోయింది, బేరం 40 వేల దగ్గరే ఆగింది, అందుకే ఉంచాను. ఫిబ్రవరిలో రెండో సూదికి నిలిచింది, ఈసారి 60వ రోజున చూపించాను.

8. పడ్డలు

ఇంటి పడ్డ ఊరికే పెరుగుతుందనుకోవడం మన పెద్ద భ్రమ. సగటున రోజుకు 60 రూపాయల మేత వేసుకుంటే, ఈనడం ఒక నెల ఆలస్యమైతే 1,800, ఆ నెలలో మిగలాల్సిన 3,150, కలిపి 4,950. మూడేళ్లకు ఈనాల్సింది నాలుగేళ్లకు ఈనితే దగ్గర దగ్గర 60 వేలు. చిన్నప్పుడు పాలు తగ్గించి మిగుల్చుకున్నది ఇలా తిరిగి కట్టాలి. అంత శ్రద్ధ పెట్టలేనివాళ్లు ఆడదూడను ఆరు నెలల్లో అమ్మేసుకుని, ఈనినదాన్ని కొనుక్కోవడమే నయం. అలాంటివాళ్లకు ఖరీదైన ఆడదూడల స్ట్రా కూడా అనవసరం.

సూదికి వయసు కన్నా బరువు ముఖ్యం, ముర్రా గ్రేడు పడ్డ 300 కిలోలు దాటాలి. కాటా అక్కర్లేదు, దర్జీ టేపు చాలు. ముందు కాళ్ల వెనక ఛాతీ చుట్టుకొలత, భుజం నుంచి పిర్ర ఎముక దాకా పొడవు, రెండూ అంగుళాల్లో. చుట్టుకొలతను దానితోనే గుణించి, పొడవుతో గుణించి, 660తో భాగిస్తే కిలోలు వస్తాయి. 62 అంగుళాల చుట్టు, 52 పొడవు ఉంటే 303 కిలోలు, ఎద చూసుకుని సూది వేయించొచ్చు.

సంక్రాంతి నాటి ఆ గేదె మొన్న డిసెంబరులో ఈనింది, ఆడదూడ. నాలుగు నుంచి ఎనిమిది నెలల మధ్య ఆడదూడలకు ఒక్కసారే వేసే బ్రుసెల్లా టీకా ఉంటుంది. ఆ దూడ పేజీలో మొదటి ఎర్ర గీత అదే, వచ్చే నెల.